ఆరెగన్ బాటలోని బాలుఁడు : ఇతివృత్తపరివర్తనౌచిత్యము

ఆనరీ విల్సీ మారో యను నమెరికా రచయిత్రి 1926లో వెలువరించిన ‘ఆన్ టు ఆరెగన్’ నవల కేవలకల్పితము గాదు. 1844లో మిస్సోరీనుండి పడమరగా నెద్దులబండ్లపై నారెగన్‌నకుఁ బయనమైన హెన్రీ సేగర్ కుటుంబకథ యందలి వస్తువు. హెన్రీ భార్య నయోమి దారిలోనే యేడవ బిడ్డను గనెను. హెన్రీ గ్రీన్ నదీతీరమున జ్వరముచేఁ గన్నుమూసెను. నెల తిరుగకమున్నే నయోమియుఁ బోయెను. బిడ్డలలో జ్యేష్ఠుఁడగు జాన్ అప్పటికిఁ బదుమూఁడేండ్లవాఁడు.

నవలలో నీ జాన్ మొదట మాటవినని మొండివాఁడు. తలిదండ్రులు పోయిన పిమ్మట నితఁడు బండ్లగుంపును విడిచి, తోఁబుట్టువులఁ దానొక్కఁడే కొండలు దాఁటించి, మతప్రచారకులగు విట్మన్ దంపతుల యింటికిఁ జేర్చును. చరిత్రమున నట్లు జరుగలేదు. హెన్రీ మరణించుచు బిడ్డలను షా యను బండ్లనాయకునకు నప్పగించెను. షా దంపతులును, డేగన్ అను జర్మను వైద్యుఁడును, తోడి యాత్రికులును వారిని సాకి కొనిపోయిరి.

ఇతివృత్తమును మార్చుట దోషము గాదు. రసవిరుద్ధమైన కథాంశమును విడిచి వేఱొండు గల్పింపవచ్చునని యానందవర్ధనుఁడే యనుమతించెను. భారతమున లేని దుర్వాసశాపమును గాళిదాసు చేర్పఁగాఁ గదా దుష్యంతుఁడు నాయకుఁడుగా నిలిచెను. ఇచట విడువఁబడినది మాత్రము రసవిరుద్ధము గాదు, రసమునకుఁ బ్రాణభూతమైనది.

జాన్ చెల్లెలు కేథరిన్ బండినుండి దూఁకఁబోయి కాలు విఱిగి, మిగిలిన దారి బండిలోనే పడియుండెను. ఆమె సుమారు 1860లో వ్రాసిన జ్ఞాపకములలో విట్మనుల వాకిట బండి నిలిచిన ఘట్టమున్నది. జాన్ బండి ముందటఁ గూర్చుండి వెక్కివెక్కి యేడ్చుచున్నాఁడు. తమ్ముఁడు ఫ్రాన్సిస్ చక్రముపైఁ జేతులుంచి, వానిపైఁ దలవాల్చి యేడ్చుచున్నాఁడు. చెప్పులు లేని చెల్లెండ్రు ముద్దగా నొదిగి, అన్నలవంకఁ జూచి, యింటివంకఁ జూచుచున్నారు. అశ్రువు సాత్త్వికభావము, తెచ్చుకొన్న వచ్చునది గాదు. మోసినది దించు చోటు దొఱకినంతనే యది వెడలినది. పిల్లవాఁడు పెద్దవాఁడైనాఁడనుటకు నవలలోని కొండలన్నియు నీ యొక్క కన్నీటికి సాటిరావు.

‘ప్రౌఢ’ శబ్దమును విడఁదీసినను నిదియే తేలును. ప్ర, ఊఢ యనుచోట గుణమును బాధించి వార్తికము వృద్ధిని విధించినది. ఊఢయనఁగా వహింపఁబడినది, క్తప్రత్యయ మిచటఁ గర్మార్థకము. ప్రౌఢుఁడు మోయువాఁడు గాఁడు, ముందునకు మోయఁబడినవాఁడు. మారో మోసినవారినెల్లఁ గథనుండి తొలఁగించినది. వీరము పెరిగినది, కరుణము సన్నగిలినది. బాలురకు వ్రాసిన గ్రంథమున సాహసము రుచించుననుట యొప్పుకొనఁదగినదే గాని, బాలురు కన్నీటి నెఱుఁగరా?

కేథరిన్ ఘట్టమున కింత బలము గలుగుటకు వేఱొక కారణము గలదు. వలసబండ్లు ముమ్మరమై, తట్టువ్యాధి తమవారిని బొట్టనఁబెట్టుకొనఁగా, వైద్యము చేయు విట్మన్‌నే యనుమానించి, 1847 నవంబరు 29న కాయూసుజాతివారు కొందఱు విట్మన్ దంపతులను జంపిరి. జానును ఫ్రాన్సిసును నా యిల్లే కడయై కూలిరి. అన్నలు తొలినాఁ డేడ్చిన వాకిటిని ఆ చెల్లెలు వర్ణించినది ఇదంతయుఁ జూచిన తరువాత.