పొగగొట్టము నాడి

విజయవాడ ఆటోనగరులో, రేకుల కప్పు క్రింద, ఇంజను దీపము వెలిగిన కారు నొకదానిని ముందు నిలుపుకొని, స్కానరు చూపిన కోడును మాత్రమే నమ్మి క్రొత్త ఆక్సిజన్ సెన్సారు తెప్పింపక, పొగగొట్టపు చప్పుడునకు చెవియొగ్గిన మేస్త్రీని చూచినపుడు నాకు నాడి పట్టు వైద్యుడే స్ఫురించెను.

1976లో వోల్వో కార్లలో తొలుత అమరిన ఈ ఆక్సిజన్ సెన్సారు చూపునకు స్పార్కుప్లగ్గు వంటిది. 300 డిగ్రీలకు కాగినగాని దానిలోని జిర్కోనియా పలుకదు. కాగిన పిమ్మట, పెట్రోలు మిక్కుటమైనచో 0.9 వోల్టు దరికిని, గాలి మిక్కుటమైనచో 0.1 వోల్టు దరికిని ఊగుచు, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలను తూకమునకు కావలి కాయును.

"తొందరేం లేదండి, గొట్టం లీకైనా ఇది ఇట్లాగే అబద్ధం చెబుతుంది" అని, అతడు జాయింట్ల చుట్టు మసిజాడ వెదకి, తీగలు తడవి చూచి, పిమ్మట మీటరు తగిలించెను. యాక్సిలరేటరు త్రొక్కినను అంకె 0.4 కడ గడ్డకట్టి నిలిచెను. అప్పుడుగాని సెన్సారుపై నేరము మోపలేదు.

విప్పుటలోనే విద్య యంతయు. ఏండ్ల వేడికి కరచుకొనిపోయిన మరను, ఇంజను గోరువెచ్చగా నుండగనే, తీగ దూరుటకు ప్రక్కన చీలిక గల 22 నంబరు సాకెట్టుతో పావుచుట్టు వదలించి, మరల బిగించి, మరల వదలించుచు వెలికి దీసెను. క్రొత్తదాని మొనను వ్రేలైనను సోకనీయలేదు; నేనైతే తప్పక తాకి చూచెడివాడను.

మీటరులో అంకె మరల ఊగనారంభింపగా, చేతులు తుడుచుకొనుచు, టీ తెమ్మని కుర్రవానిని కేకవేసెను.