నలుగురు, ఒక జన్యువు, ఒక రికార్డు

హైదరాబాదులో లాలాగూడ అనగానే ముందు గుర్తొచ్చేది రైల్వే వర్క్‌షాపు. నిజాం రైల్వే 1893లో పెట్టిన ఆ కార్ఖానా చుట్టూ మొదట క్వార్టర్లు వచ్చాయి, తర్వాత బస్తీలు, ఇప్పుడు అద్దె గదులు. ఆ గదుల్లో విద్యార్థులూ ఉంటారు. దగ్గరే ఉన్న మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషను తార్నాక, దిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంకో స్టేషను దాటితే హబ్సిగూడ, అక్కడ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. ఉప్పల్ దాకా పోతే అలాంటిదే మరో సంస్థ సీడీఎఫ్‌డీ. జీవశాస్త్రం చదివేవాళ్లకు ఇన్ని పెద్ద సంస్థలు ఒకే దారిలో తగిలే చోట్లు దేశంలో ఎక్కువ లేవు.

ఈ చుట్టుపక్కల బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో చదివే విద్య) కోర్సు తీసుకున్న ఏ బ్యాచ్‌కైనా సెమిస్టరు చివర ఒక తంతు తప్పదు. నలుగురిని ఒక టీముగా వేస్తారు. ఒక జన్యువో ప్రోటీనో ఇస్తారు, లేదా మీరే ఎంచుకోండి అంటారు. ఫస్ట్ రివ్యూ, సెకండ్ రివ్యూ, గైడు సంతకం, బైండింగు, వైవా. బయటివాళ్లకు ఇది మార్కుల కోసం పడే పాట్లలా కనిపిస్తుంది. నిజానికి ఇదొక పనివిద్య. గైడు నోటి నుంచి, సీనియర్ల నుంచి వచ్చే మెళకువలు దీనికి ఉన్నాయి, పాఠ్యపుస్తకంలో అవి దొరకవు.

ఈ విద్య మరీ పాతదేం కాదు. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రోటీను గొలుసు ఏ కోణాల్లో వంగగలదో లెక్కగట్టి గీసిన పటాన్ని ఇవాళ్టికీ ప్రపంచంలో ప్రతి నిర్మాణానికీ పరీక్షగా వాడుతున్నారు. 1965లో మార్గరెట్ డేహాఫ్ అప్పటికి తెలిసిన ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసలన్నీ ఒక పుస్తకంగా అచ్చువేసింది. 1970లో రెండు వరుసల్ని పక్కపక్కన పేర్చే నీడిల్‌మన్-వున్ష్ పద్ధతి, 1982లో డీఎన్‌ఏ వరుసల డేటాబేసు జెన్‌బ్యాంక్, 1990లో పోలిన వరుసల్ని వెతికే బ్లాస్ట్ వచ్చాయి. మిగతా చరిత్ర వైవాలో ఎలాగూ అడుగుతారు.

అసలు మెళకువ ప్రశ్నను ఎంచుకోవడంలో ఉంది. ‘క్యాన్సర్ మీద చేస్తాం’ అని వచ్చిన టీము సెకండ్ రివ్యూ నాటికీ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ప్రశ్న ఒక్క వాక్యంలో పట్టాలి, దానికి అవునో కాదో జవాబు రావాలి. తెలుగు నేలకు దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. నా లెక్కలో నలుగురు విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు.

ఆపరేషను ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు సడలాలి. అందుకు మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు, థియేటర్లలో దాన్ని స్కోలిన్ అంటారు. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును కొన్ని నిమిషాల్లోనే విరిచేస్తుంది. ఆ ఎంజైము పనిచేయనివాళ్లకు మందు గంటల తరబడి దిగదు. ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు కాబట్టి అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాలి. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో సమస్య తీరిపోతుంది.

వైశ్య కుటుంబాల్లో ఈ ఇబ్బంది మిగతావాళ్లకంటే చాలా ఎక్కువగా కనిపిస్తుందని మన ప్రాంతపు మత్తు డాక్టర్లకు అనుభవంలో ఉన్న సంగతే. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి, దాని వెనకున్న మార్పును ప్రచురించారు. ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలీన్ వచ్చింది, అంతే. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ అలాగే వస్తే రక్తంలో ఎంజైము పని దాదాపు లేనట్టే. 2017లో సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాల జన్యు వివరాలు పరిశీలించాయి. వాటిలో 81 సమూహాలు ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయనీ, ఆ ముద్ర ఫిన్లాండ్ ప్రజల్లో కంటే బలంగా ఉందనీ తేల్చాయి. కాబట్టి ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టే మచ్చ కాదు. రిపోర్టు రాసేటప్పుడు ఈ మాట మొదటి పేజీలోనే రావాలి, చివర్లో క్షమాపణలా కాదు.

ఇప్పుడు ప్రశ్న: ఆ 307వ ల్యూసిన్ ఇతర జంతువుల్లోనూ మారకుండా ఉందా, అది మారితే ప్రోటీను నిర్మాణం చెడుతుందా?

నలుగురూ పని పంచుకుంటారు. సాధారణంగా ఇద్దరు బైపీసీ నుంచి వచ్చినవాళ్లు, ఇద్దరు ఎంపీసీ. ఒకరు వరుసలు సేకరిస్తారు, ఒకరు వాటిని పేరుస్తారు, ఒకరు త్రీడీ నిర్మాణం చూస్తారు, ఒకరు కోడ్ రాస్తూ రిపోర్టు కలుపుతారు. రెండో వారంలో తగాదా మొదలవుతుంది. వరుసలు చూసేవాళ్లు ‘ఆ ల్యూసిన్ 335లో ఉంది’ అంటారు. నిర్మాణం చూసేవాళ్లు ‘కాదు, 307లోనే ఉంది, కళ్లముందే కనిపిస్తోంది’ అంటారు. ఇద్దరిదీ నిజమే. ఈ ప్రోటీను కణంలో మొదట 602 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారవుతుంది. ముందున్న 28 దాన్ని కణం బయటికి పంపే చీటీ లాంటివి, దారిలోనే తెగిపోతాయి. మిగిలేది 574. యూనిప్రాట్ డేటాబేసు మొత్తం గొలుసును లెక్కపెడుతుంది. 2003లో వెలువడిన నిర్మాణపు ఫైలు, ‘1పీ0ఐ’, తెగిన తర్వాతి గొలుసును లెక్కపెడుతుంది. 307కు 28 కలిపితే 335. డీఎన్‌ఏ వైపు నుంచి వస్తే అదే మార్పు 1004వ అక్షరం దగ్గర ఉంటుంది, అక్కడి టీ స్థానంలో సీ వచ్చి చేరింది. ఒకే మార్పుకు మూడు అంకెలు.

సికిల్‌సెల్ మీద చేసే టీముకూ ఇదే గండం. పాత పుస్తకాల్లో బీటా గ్లోబిన్ మార్పు 6వ స్థానంలో, కొత్త పద్ధతిలో 7వ స్థానంలో. అక్కడ తేడా ఒక్క అంకె కాబట్టి చాలామంది అచ్చుతప్పు అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకున్న టీము పక్క అమైనో ఆమ్లం మీద నెల రోజులు కష్టపడుతుంది. విచిత్రమేమంటే ఆ పక్కదీ గ్లుటామిక్ ఆమ్లమే, కాబట్టి చివరిదాకా అనుమానం కూడా రాదు.

అందుకే అనుభవమున్న గైడు మొదటి రోజే ఒక పట్టిక గీయిస్తారు. ఒక్కో మార్పుకు ఒక్కో అడ్డు వరుస. అందులో జన్యువు పేరు, డేటాబేసులో దానికున్న యాక్సెషన్ నంబరు వెర్షనుతో సహా, దించుకున్న తేదీ, డీఎన్‌ఏ అంకె, పూర్తి గొలుసు అంకె, తెగిన గొలుసు అంకె ఉంటాయి. లాలాగూడ వర్క్‌షాపులో బోగీ ఒక షాపు నుంచి ఇంకో షాపుకు పోయేటప్పుడు ఇంతవరకు ఏం చేశారో రాసిన కాగితం దానితో పాటు పోవాలి. కాగితం లేకుండా వచ్చిన బోగీని విప్పి మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే. టీములో ఫైలుదీ అదే గతి. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘నిజంగా ఫైనల్’ అని పేర్లు పెట్టిన ఫైళ్ల మధ్య ప్రాజెక్టు చచ్చిపోవడం ఏటా చూసేదే. ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ నేర్చుకుంటే మేలు. రాకపోతే తేదీ ముందు, పని పేరు తర్వాత, చేసినవారి పొడి అక్షరాలు చివర. అంత మాత్రమైనా చాలు.

వరుసలు ఏరుకోవడంలో ఇంకో చిక్కుంది. బ్లాస్ట్‌లో వేస్తే వందలు వస్తాయి. పైనున్న ఇరవై తీసుకుంటే అన్నీ కోతిజాతివే కావచ్చు, అన్నీ ఒకేలా ఉంటాయి. అప్పుడు ‘ఈ స్థానం మారలేదు’ అనడంలో అర్థం లేదు, మారడానికి కాలమే దొరకలేదు. ఎలుక, ఆవు, కోడి, కప్ప, చేప ఇలా దూరదూరాన ఉన్నవి ఏరాలి. మరో ప్రమాదం ఎసిటైల్‌కోలినెస్టరేజ్. అది వేరే జన్యువు, ఇదే కుటుంబం, సగానికి పైగా పోలిక ఉంటుంది. దాన్ని తెలియక కలిపేస్తే అన్నదమ్ముల్ని తండ్రీకొడుకులుగా రాసినట్టే. తెలిసి కలిపితే మాత్రం మంచి పోలిక. ఏది ఏ ఉద్దేశంతో పెట్టారో రాయాలి, అంతే. బ్లాస్ట్ ఇచ్చే ఈ-విలువను కూడా చాలామంది పోలిక శాతం అనుకుంటారు. అంత మంచి స్కోరు కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చో చెప్పే అంచనా అది. డేటాబేసు పెరిగితే అదీ మారుతుంది, కాబట్టే తేదీ రాయమనేది.

కంట్రోల్ పెట్టుకోవడం బైపీసీ పిల్లలకు ప్రాక్టికల్స్ నుంచే అలవాటు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఎందుకో మరిచిపోతారు. మార్పు హానికరమో కాదో అంచనా వేసే సిఫ్ట్ లాంటి ప్రోగ్రాము 307లో మార్పు హానికరం అని చెప్పింది, సంతోషం. అది ప్రతి మార్పునూ హానికరం అనే రకమైతే? అందుకని ఇదే ఎంజైములో పెద్దగా కీడు చేయని, చాలామందిలో ఉండే మార్పును కూడా పక్కన పెట్టి పరీక్షించాలి. 539వ స్థానంలో అలనిన్ బదులు థ్రియోనిన్ వచ్చే ‘కె-వేరియంట్’ ఉంది, ఎంజైము కొంత తగ్గుతుంది తప్ప పోదు. సరిగ్గా ఇక్కడే ఇంకో ఉచ్చు. 1పీ0ఐ ఫైలు తెరిచి 539 వెతికితే దొరకదు. ప్రోగ్రాము చెడిందని టీము రాత్రంతా కూర్చుంటుంది. స్ఫటికం తయారు చేయడం కోసం శాస్త్రవేత్తలు ఆ గొలుసును 529 దగ్గరే కత్తిరించారు. నాలుగు గొలుసుల్ని కలిపి పట్టుకునే తోక భాగం ఆ ఫైలులో లేనే లేదు. ఆ సంగతి పేపరులో రాసి ఉంది, చదివినవాళ్లకు దొరుకుతుంది. ఫైలు దించుకోవడానికి నిమిషం పడుతుంది, దాని వెనకున్న పేపరు చదవడానికి ఒక సాయంత్రం. నన్నడిగితే ఆ సాయంత్రానికే మార్కులు వేయాలి.

అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారని తెలియని విద్యార్థి హైదరాబాదులో ఉండడు. కోడ్, రిపోర్టు, పీపీటీ, వైవా ప్రశ్నలతో సహా ఇస్తారు. ఇప్పుడు ఆ పనిలో సగం చాట్‌జీపీటీ ఉచితంగా చేస్తోంది. కోడ్ రాయించుకోవడం తప్పని నేననను. కానీ అది లేని పేపరుకు పేరు, పేజీ నంబరు కూడా నమ్మకంగా చెప్పగలదు. అడ్డదారిన వచ్చినవాళ్లను పట్టుకోవడానికి కొందరు గైడులు పాటించే పద్ధతి ఒకటుంది: వైవాలో ఎవరి భాగం వాళ్లను అడగరు. నిర్మాణం చూసిన అమ్మాయిని ఈ-విలువ గురించి, కోడ్ రాసిన అబ్బాయిని స్కోలిన్ గురించి అడుగుతారు. అలా అడుగుతారని ముందే తెలిసిన టీము చాయ్ దగ్గరే ఒకరికొకరు పాఠం చెప్పుకుంటుంది. ఇంటర్‌లో విడిపోయిన బైపీసీ, ఎంపీసీ మళ్లీ కలిసేది అక్కడే. ఈ కోర్సులో అన్నిటికంటే విలువైనది అదే అని నా నమ్మకం. రేపు సీడీఎఫ్‌డీలోనైనా, జీనోమ్ వ్యాలీలో ఏదైనా కంపెనీలోనైనా వాళ్లు చేయాల్సింది పక్కవాడి శాస్త్రాన్ని అర్థం చేసుకుని పని అందుకోవడమే.

ముగింపుకూ ఒక పద్ధతుంది. వైవాకు వారం ముందు డేటా ఆపేయాలి, ఆ తర్వాత కొత్త వరుస ఒక్కటీ చేర్చకూడదు. ఒకరి ఫోల్డరు ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో పెట్టి, వాళ్లను ఏమీ అడక్కుండా మొదటి నుంచి నడపాలి. సాధారణంగా మొదటిసారి నడవదు. ఎక్కడ ఆగిందో అక్కడ రాయాల్సింది రాయలేదన్నమాట. నడిచాక వచ్చిన పటం రిపోర్టులోని పటంతో కలవాలి, కలవకపోతే రిపోర్టునే మార్చాలి. అనుకున్న జవాబు రాలేదా, రాలేదనే రాయాలి. ప్రోగ్రాము అంచనా వేసింది, ప్రయోగశాలలో రుజువు కాలేదు అనే మాట విడిగా ఉండాలి.

సగం ప్రాజెక్టులు వైవా అయిన మర్నాడు అటకెక్కుతాయి. బైండు చేసిన పుస్తకం డిపార్ట్‌మెంట్ బీరువాలో, ఫైళ్లు పాత ల్యాప్‌టాప్‌లో. వచ్చే ఏడు జూనియర్లు మళ్లీ 335 దగ్గర తగాదా పడతారు. ఇది మాన్పడానికి డబ్బు అక్కర్లేదు. ప్రతి డిపార్ట్‌మెంట్ ఒక సర్వరులో ఒక ఫోల్డరు తెరిచి, పట్టిక, డేటా, కోడ్ అందులో పెట్టకుండా గైడు సంతకం పడదని నియమం పెడితే చాలు. వచ్చే సెమిస్టరు నుంచే మొదలుపెట్టమని అధ్యాపకులకు నా మనవి.