పండగకీ ఓ వరస ఉంది

దసరా వచ్చిందంటే విజయవాడ వన్ టౌన్‌లో తలుపులు వేసుకున్నా పండగ ఇంట్లోకి వచ్చేస్తుంది. వినాయకుడి గుడి దగ్గర్నుంచి ఇంద్రకీలాద్రి మీది దుర్గ గుడికి సాగే క్యూలైన్లు, తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే మైకులు, మూలా నక్షత్రం రోజున సరస్వతీదేవి అలంకారం చూడ్డానికి తెల్లవారకముందే కదిలే జనం. ఊరంతా సంబరంలో ఉంటే, ఆటిజం ఉన్న పిల్లాడి తల్లి మాత్రం లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. స్కూలు లేదు. థెరపీ సెంటర్‌కి సెలవు. ఇంటినిండా చుట్టాలు. రోజూ తినే టైముకి రోజూ తినే తిండి కంచంలో పడదు.

1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజానికి వైద్యశాస్త్రంలో ఆ పేరు స్థిరపడింది. ఆ పిల్లల్లో ఆయన రెండు సంగతులు గమనించాడు. రోజు ఎలా గడుస్తుందో అలాగే గడవాలి; మోత చేసే వస్తువులంటే హడల్. వాక్యూమ్ క్లీనర్, లిఫ్ట్, చివరికి గుడ్లు గిలక్కొట్టే బీటర్ కూడా! అయితే ఆ పిల్లలే తమంతట తాము అంతకు తక్కువకాని మోత హాయిగా చేసుకునేవారట. చెప్పాపెట్టకుండా మీదపడే చప్పుడే వాళ్లను బెదరగొడుతుందని ఆయన పసిగట్టాడు. పక్కింటి బాంబుకి మంచం కిందికి దూరిన పిల్లాడే కాసేపటికి గరిటెతో పళ్లెం వాయిస్తుంటే, 'వీడివన్నీ వేషాలు' అనే పెద్దలకు ఈ సంగతి తెలియాలి.

ఇలాంటి పిల్లలున్న ఇంట్లో పండగ మానెయ్యడమే మేలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. మన పండగల్లో మోత ఎంతుందో, వరస కూడా అంతే ఉంది. దుర్గ గుడివాళ్లు దసరాకి ముందే ఏ రోజు ఏ అలంకారమో ప్రకటిస్తారు. 2025లో పండగ పదకొండు రోజులొస్తే పదకొండు అలంకారాలు వేశారు. బాలాత్రిపురసుందరితో మొదలై రాజరాజేశ్వరితో ముగిసే ఆ బొమ్మల్ని గోడకి అంటించి, రోజుకొకటి కొట్టేస్తూ పోతే చాలు. బొమ్మల షెడ్యూలు పెట్టమని థెరపిస్టులు చెప్పేది అచ్చంగా ఇదే. ఇవాళ ఏమిటి, రేపు ఏమిటి, ఎప్పటికి అయిపోతుంది అన్నది పిల్లాడి కళ్లముందుంటుంది. కొండ మీదికి ఆ రోజుల్లోనే వెళ్లాలనేముంది? రద్దీ తగ్గాక వెళ్లినా అమ్మవారు అక్కడే ఉంటుంది.

ఇక బొమ్మల కొలువు. కొందరు దసరాకి పెడతారు, కొందరు సంక్రాంతికి. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, ఏ బొమ్మ ఏ మెట్టు మీదన్నది ఇంటి ఆనవాయితీ. వస్తువుల్ని బారులు తీర్చడం ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి ఇష్టం. మామూలు రోజుల్లో 'అదేం ఆట' అని విసుక్కునే ఇల్లే కొలువు నాడు ఆ పనికి మనిషిని వెతుక్కుంటుంది. కొండపల్లి ఎంతో దూరం లేదు. తెల్లపొణికి కర్రతో చేసే దశావతారాల బొమ్మలు తేలిగ్గా ఉంటాయి, చేతికి పట్టుబడతాయి. పైగా మత్స్యం తర్వాత కూర్మం, కూర్మం తర్వాత వరాహం. ఆ వరస ఒకసారి నేర్చిన పిల్లాడు పేరంటానికొచ్చిన అమ్మలక్కల తప్పులు దిద్దినా ఆశ్చర్యం లేదు.

ఒంటికి తగిలేవాటి దగ్గరే అసలు పేచీ. కొత్తచొక్కా గంజి, మెడ వెనక గీరుకునే లేబుల్, జరీ అంచు గరుకు మనకి తెలియవు. లేబుల్ కత్తిరించి, రెండుసార్లు ఉతికి మెత్తబడ్డాక, పండక్కి ముందే కాసేపు తొడిగి చూడాలి. అదీ కుదరకపోతే పాత చొక్కాతోనే పండగ కానివ్వాలి. భోగిపళ్లయితే మరీను. రేగిపళ్లు, చిల్లర, సెనగలు ఒక్కసారిగా నెత్తిన జలజలా రాలితే కొందరు పిల్లలకి ప్రాణం పోయినట్టుంటుంది. దోసిట్లో పోసినా దీవెన దీవెనే. అవే పళ్లు వాడే గిన్నెలోంచి గిన్నెలోకి పోసుకుంటానంటే పోసుకోనివ్వండి.

దీపావళి గురించి ఒక్క మాట. సుప్రీంకోర్టు 2018లో ఆ రాత్రి టపాసులకి ఎనిమిది నుంచి పది దాకా గడువు పెట్టింది. ఆ గడువు పాటిస్తే ఈ పిల్లలకి పెద్ద మేలు. 'గడియారంలో పది కొడితే ఆగిపోతుంది' అని చూపించి చెప్పొచ్చు. చెవుల మీద పెట్టుకునే ఇయర్ మఫ్స్ కూడా ఆ రాత్రే కొత్తగా తగిలిస్తే పీకి పారేస్తారు. వారం ముందునుంచి రోజూ కాసేపు అలవాటు చేయాలి. వీధివైపు లేని గది ఒకటి వాళ్లకని వదిలేయాలి. వన్ టౌన్ బ్రాహ్మణవీధి చుట్టుపక్కల ఇరుకు సందుల్లో అలాంటి గది దొరకడమూ కష్టమే, అది వేరే సంగతి.

చుట్టాలకి మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పడం మంచిది: బుగ్గలు పుణకొద్దు, ఎత్తుకోవద్దు, పులిహోర తినమని బలవంతం చేయొద్దు, వాడి పెరుగన్నం వాడికి పెడతాం అని. 'రెండు తగిలిస్తే దార్లోకొస్తాడు' అనే బాబాయి ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటని, పెంపకంలో లోపం కాదని ఆయనకి చెప్పాల్సింది తల్లి కాదు, ఇంట్లో మగవాళ్లు.

మీ వీధిలో అలాంటి బిడ్డ ఉంటే, ఈసారి లక్ష్మీబాంబు అంటించేముందు ఆ ఇంటి తలుపు తట్టి, ఎన్ని గంటలకు మొదలుపెడతారో, ఎన్నింటికి ఆపేస్తారో చెప్పి వెళ్లండి.