తెలుగు అధ్యాపకుల వృత్యంతర శిక్షణ: విమర్శనాత్మక పరిశీలన

వ్యావహారిక భాషోద్యమాన్ని భాషాచరిత్రలోనో, సాహిత్యచరిత్రలోనో ఒక అధ్యాయంగా చదవడం పరిశోధకులకు అలవాటైంది. అది మొదట తరగతి గదిలో పుట్టిన సమస్య అన్న సంగతికి తగినంత ప్రాధాన్యం దక్కలేదు. ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు, పుస్తకాలలోని తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదన్న సందేహం కలిగింది. విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గిడుగు, గురజాడల పేర్లు సూచించారు. గిడుగు రామమూర్తి అప్పటికి పర్లాకిమిడిలో పావు శతాబ్దంగా పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయుడు. సవర భాషను నేర్చుకొని ఆ భాషలో వాచకాలు తయారుచేసినవారు. యేట్స్ ప్రశ్న ఆయనను ఆధునిక భాషాబోధన పద్ధతుల అధ్యయనానికి, అక్కడి నుంచి బడిలో ఏ తెలుగు నేర్పాలన్న వాదానికి నడిపించింది. శ్రీనివాస అయ్యంగారు నెలకొల్పిన సంఘం కూడా పేరులోనే తెలుగు బోధన సంస్కరణను చెప్పుకొన్నది.

ఈ క్రమంలో ముందు వచ్చింది బోధనలో ఎదురైన చిక్కు. చదువు, చర్చ, ప్రయోగం ఆ తరువాత వచ్చాయి. నేటి డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకుల వృత్యంతర శిక్షణలో లోపించినది ఈ వరుసే.

1986 జాతీయ విద్యావిధానం అనంతరం, 1987 నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అకడమిక్ స్టాఫ్ కళాశాలలను ఏర్పాటు చేసింది. ఉస్మానియా, హైదరాబాదు, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలలోని కేంద్రాలు తెలుగు అధ్యాపకులకు సుపరిచితాలు. అవే తరువాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి. 2023లో ప్రారంభమైన మాలవీయ మిషన్ కింద మరోసారి పేరు మార్చుకొన్నాయి. పేర్లు మారినా ఓరియెంటేషన్, పునశ్చరణ కోర్సులకూ పదోన్నతికీ ఉన్న ముడి మాత్రం సడలలేదు. 2010 నిబంధనలలో రెండు వారాలకు తగ్గని కోర్సుకు 20 పాయింట్లు, వారం రోజుల కోర్సుకు 10 పాయింట్లు కేటాయించారు. 2018 నిబంధనలలో ఈ పాయింట్ల పద్ధతి సడలినా, మొదటి పదోన్నతికి 21 రోజుల ఓరియెంటేషనూ, దానికి తోడు కనీసం వారం రోజుల పునశ్చరణ వంటి కోర్సో, ఆన్‌లైన్ కోర్సు ధ్రువపత్రమో, ఇ-పాఠాల రూపకల్పనో అవసరమయ్యాయి. ఈ పట్టికలన్నీ కొలిచేది రోజులను. శిక్షణకు వెళ్లి వచ్చిన అధ్యాపకుని పాఠం మారిందా లేదా అన్నదానికి వీటిలో గడి లేదు.

ఈ ఏర్పాటును పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. పదోన్నతి షరతు లేకపోతే మారుమూల కళాశాలలో ఒక్కరే తెలుగు అధ్యాపకులుగా ఉన్నవారు మూడు వారాలపాటు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వచ్చే వీలే ఉండేది కాదు. అట్లాంటివారికి ఉపన్యాసాలకన్నా, సాయంత్రాలు వసతిగృహంలో తోటివారితో సాగిన సంభాషణలే ఎక్కువ ఉపకరించాయని చెప్పవచ్చు. కోర్సులు ఆన్‌లైన్‌కు మారినప్పుడు మొదట పోయింది ఆ సాయంత్రాలే. ఉపన్యాసాలు మాత్రం యథాతథంగా మిగిలాయి.

ఆ ఉపన్యాసాల స్వభావం కూడా పరిశీలించదగినదే. మాలవీయ మిషన్ శిక్షణకు నిర్దేశించిన ఎనిమిది ఇతివృత్తాలలో భారతీయ జ్ఞానవ్యవస్థలు, విద్యానాయకత్వం, పరిశోధన, నైపుణ్యాభివృద్ధి, సమాచార సాంకేతికత వంటివి ఉన్నాయి. భౌతికశాస్త్రం చెప్పేవారికీ తెలుగు చెప్పేవారికీ అవే ఇతివృత్తాలు. ఇక తెలుగు పునశ్చరణ తరగతులలో సాధారణంగా కనిపించేవి సాహిత్యవాదాలు, విమర్శ ధోరణులు, పరిశోధన పద్ధతులు. ఇవి అధ్యాపకుని పాండిత్యానికి మేలు చేస్తాయనడంలో సందేహం లేదు. అయితే ఆ పాండిత్యం బి.కాం. ద్వితీయ భాష తరగతిలోకి ఎట్లా ప్రవేశిస్తుందన్న ప్రశ్న వాటిలో అరుదుగానే వినిపిస్తుంది.

ఆ తరగతిలో ఒక ప్రబంధ పద్యం పాఠంగా ఉందనుకుందాం. బడిలో చాలావరకు ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఆ పద్యాన్ని పైకి చదవబోతే పాదం చివర ఆగుతాడు. తెలుగు పద్యంలో మాట పాదాంతంలో ముగియాలన్న నియమం లేదు. ఒక సమాసం సగంలో విరిగి తరువాతి పాదంలోకి సాగవచ్చు. పాదాంతంలో ఆగిన విద్యార్థికి ఆ సగం మాట అర్థంలేని ధ్వనిగా తోస్తుంది. సంధి విడదీయడం రానందువల్ల తక్కిన మాటలూ అట్లాగే తోస్తాయి. అప్పుడు అధ్యాపకుడు ప్రతిపదార్థం చెప్పి రాయిస్తాడు. విద్యార్థి దానిని పరీక్షకోసం కంఠస్థం చేస్తాడు. పద్యాన్ని ఇద్దరూ వదిలేసినట్లే. విద్యార్థికి తెలుగు మీద ఆసక్తి లేకపోవడమే దీనికి కారణమని తేల్చేయడం సులువు. కానీ ఇక్కడ ఎదురైనది నిర్దిష్టమైన పఠనసమస్య. పద్యాన్ని ముందు అర్థానుసారంగా విరిచి చదివి వినిపించాలా, లేక వచనక్రమంలో అన్వయం చెప్పి ఆ తరువాత ఛందస్సులోకి రావాలా? యతిస్థానాన్ని గుర్తించడం నేర్పితే పదవిభాగం సులభమవుతుందా? సంధిసూత్రాలు ముందు చెప్పాలా, పాఠంలో తగిలినప్పుడు చెప్పాలా? వీటికి తెలుగు అధ్యాపకుల దగ్గర అనుభవం నుంచి వచ్చిన సమాధానాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగవు కూడా. వాటిని ఎదురెదురుగా పెట్టి పరీక్షించే చోటు శిక్షణ శిబిరమే కావాలి.

పాఠశాల విద్యలో ఇందుకు ఒక పూర్వోదాహరణ ఉంది. బ్రిటిష్ సహాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు తమ ప్రాంతంలోని ఉపాధ్యాయ కేంద్రంలో మళ్లీ మళ్లీ కలుసుకొనే ఏర్పాటు చేసింది. పిల్లలు చేసి నేర్చుకోవడం, వారి వ్యక్తిగత భేదాలను పట్టించుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గదిలో ప్రదర్శించడం వంటి ఆరు సూత్రాలు దానికి ఆధారం. ఆ సూత్రాలు కొన్నిచోట్ల గోడమీది అలంకరణగా మిగిలాయన్న విమర్శ ఉండవచ్చు. అయినా వాటిలో ప్రతి ఒక్కటీ తరగతి గదిలో కంటికి కనిపించేది; అమలవుతున్నదో లేదో పక్క ఉపాధ్యాయుడు చూసి చెప్పగలిగేది. డిగ్రీ అధ్యాపకుల శిక్షణలో దీనితో పోల్చదగిన సూత్రం ఒక్కటైనా చూపడం కష్టం. కళాశాల అధ్యాపకుని గదిలోకి మరొక అధ్యాపకుడు వెళ్లి కూర్చోవడం మర్యాద కాదన్న భావన కూడా దీనికి కొంత కారణం.

పదోన్నతితో ముడిపెట్టడం వల్ల కలిగిన మరో ఫలితం ఇంతకన్నా తీవ్రమైనది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో పాఠాలు చెప్పేవారిలో కాంట్రాక్టు, అతిథి అధ్యాపకులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారికి పదోన్నతి పథకం వర్తించదు. ధ్రువపత్రం సంపాదించినా దానిని చూపవలసిన దరఖాస్తు వారికి ఉండదు. గంటల లెక్కన వేతనం పొందే అతిథి అధ్యాపకుడు రెండు వారాలు కోర్సుకు వెళితే ఆ రెండు వారాల ఆదాయం వదులుకోవాలి. పాదాంతంలో ఆగిపోయే విద్యార్థి చాలాచోట్ల కూర్చొని ఉన్నది ఆ అధ్యాపకుని ఎదుటే.