రొట్టె చప్పుడు బజారుకొచ్చింది

పొద్దుగూకితే వనపర్తిలోనూ గద్వాలలోనూ రోడ్డు పక్కన కట్టెల పొయ్యిలు అంటుకుంటాయి. పెంక కాగేలోపు ఆడవాళ్లు జొన్నపిండి పిసకడం మొదలుపెడతారు. మా చిన్నతనంలో జొన్నరొట్టెను డబ్బులిచ్చి కొంటారంటే నమ్మేవాళ్లం కాదు. అది ఇంటి తిండి. హోటలంటే ఇడ్లీ, పూరీ, మిర్చి బజ్జీ; గద్వాల వైపైతే ఉగ్గాని కూడా. కర్నూలు, రాయచూరు రెండూ దగ్గరే కదా.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆ తర్వాత జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ప్రాజెక్టుల నీళ్లతో వరి పెరిగింది. జొన్న చేలు తగ్గాయి, ఇళ్లల్లో రొట్టె చప్పుడూ తగ్గింది. 2016లో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో మెడికల్ కాలేజీలు తెరిచారు. బయటి ఊళ్ల ఉద్యోగులు, పిల్లలు వచ్చారు. వాళ్ల వెంట బిర్యానీ, మండీ హోటళ్లూ వచ్చాయి. రావాల్సిందే, ఊరు పెరిగితే తిండీ మారుతుంది. అదే కాలంలో షుగరొచ్చిన వాళ్లు అన్నం తగ్గించి రొట్టె వెతుక్కున్నారు. ఇంట్లో చేసే చేతులు లేక బజారు పొయ్యి దగ్గర నిలబడ్డారు.

ఆ చేతి పని చిన్నది కాదు. గోధుమపిండిలా జొన్నపిండి సాగదు. మరిగే నీళ్లు పోసి, అరచేతితో బాగా మర్దిస్తేనే జిగురు వస్తుంది. గిర్ని పట్టించి వారాలైన పిండితో చేస్తే అంచులు పగులుతాయి. తడుతూ తిప్పుతుంటే చప్పుడు ఒకే తీరుగా రావాలి, అది తప్పితే ఎక్కడో మందం ఉన్నట్టే. పెంక మీద వేశాక పైన నీళ్లు పూసి, ఆ తడి ఆరుతుండగానే తిరగెయ్యాలి. చివర నిప్పుల దగ్గర పొంగిన రొట్టెకు పల్లీల తొక్కు చాలు. జూరాల డ్యాం దగ్గర చేపల వేపుడుతోనైతే ఇంకేం కావాలి! కొన్ని హోటళ్లలో గోధుమపిండి కలిపి కర్రతో ఒత్తి ఇస్తున్నారు. నా లెక్కలో అది జొన్నరొట్టె కాదు.

ఈ మూడు ఊళ్లలో మారిన తిండికి అసలు గుర్తు రంగుల బోర్డుల హోటళ్లు కావు, ఈ పొయ్యిలే. కానీ వాటికి నీడ లేదు, నల్లా లేదు. వాన పడితే ఆ రోజు సంపాదన పోయినట్టే. మున్సిపాలిటీలు మార్కెట్‌లో ఈ రొట్టెలు చేసేవాళ్లకు ఒక రేకుల షెడ్డు, ఒక నల్లా ఇవ్వాలి. మనం కొనేటప్పుడు బేరమాడకూడదు.