ఒగ్గు పట్టిన మనిషిలో నలుగురు

మందమర్రిలో కల్యాణిఖని బాయి నుంచి వచ్చిన కార్మికుడు స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, నిద్ర మానుకుని చాప చంకన పెట్టుకుని బయలుదేరాడంటే ఆ రాత్రి ఎక్కడో ఒగ్గు కథ ఉన్నట్టే. బొగ్గుబాయి పనికోసం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లు మూటాముల్లెతో పాటు మల్లన్ననూ ఎల్లమ్మనూ వెంట తెచ్చుకున్నారు. దేవుడు వచ్చినచోటికి ఆయన కథ చెప్పేవాడూ రావాల్సిందే. మందమర్రి మీదుగా పోయే కాజీపేట-బల్లార్షా రైలు దారిలోనే ఓదెల ఉంది. అక్కడి మల్లన్నకు పట్నాలు వేసేది ఒగ్గు పూజారులు. గోదావరికి ఇవతల జైపూర్ మండలం వేలాలలో గట్టు మల్లన్న ఉన్నాడు. శివరాత్రి జాతర వస్తే ఆ గుట్ట చుట్టూ జనమే జనం.

సినిమాలో ఒకాయన నటించి, కథ రాసి, దర్శకత్వం చేసి, పాట కూడా పాడితే బహుముఖ ప్రజ్ఞాశాలి అని సన్మానాలు చేస్తాం. ఒగ్గు కథకుడు ఆ నాలుగు పనులనూ ఒకే రాత్రి, ఒకే పందిట్లో, రెండు కాళ్ల మీద నిలబడి చేస్తాడు. ఆ నాలుగూ చేతకాకపోతే అతన్ని కథకు పిలిచేవాళ్లే ఉండరు.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని ఢమరుకం. దాన్ని పట్టి చెప్పే కథ గనుక ఒగ్గు కథ. కురుమలకు బీరప్ప, గొల్లలకు మల్లన్న ఇంటి దేవుళ్లు. వాళ్ల పుట్టుక, పెళ్లిళ్లు, పంతాలే ఈ కథలకు మూలం. ఎల్లమ్మ కథ కులాల గీతలు దాటి ఊరందరిదీ అయింది. మల్లన్న పెళ్లికి ముందు పసుపు, కుంకుమ, రంగు పొడులతో నేల మీద పట్నం వేస్తారు. పట్నం ముగిశాక అది ఉత్త నేల కాదు, దేవుడి పెళ్లి పీట. అందుకే ఇక్కడ చూసేవాళ్లు ప్రేక్షకులు కారు, పెళ్లికి వచ్చిన చుట్టాలు.

ముందు గానం సంగతి. మేళంలో నలుగురైదుగురు ఉంటారు. డోలు, కంచు తాళాలు, నపీర, ఒగ్గు వాళ్ల వాద్యాలు. కథకుడు వచనంలో మొదలుపెడతాడు. మాట మెల్లగా సాగి రాగమవుతుంది, రాగం పాటవుతుంది, పాట పతాకస్థాయికి చేరగానే డోలు అందుకుంటుంది. డోలు మోగినంతసేపే కథకుడికి ఊపిరి తీసుకునే వీలు. తెల్లవారేదాకా గొంతు నిలవాలంటే ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ పాడాలో, ఎక్కడ డోలుకు వదిలేయాలో తెలియాలి.

తర్వాత నటన. మల్లన్నా అతనే, ఆయన భార్యలు బలిజ మేడలమ్మా, గొల్ల కేతమ్మా అతనే. వేషం మార్చుకోవడానికి తెర లేదు, తెర వెనక గది లేదు. భుజం మీది కండువా తలమీదికి వస్తే ఆడమనిషి, నడుముకు బిగిస్తే వీరుడు. సవతుల కయ్యంలో ఒక వాక్యానికి ఇటు, మరో వాక్యానికి అటు తిరుగుతాడు. ఆ తిరుగుడులోనే గొంతు, నడక, చూపు మారిపోవాలి. మహాభారతాన్ని పాడుతూ చెప్పే ఛత్తీస్‌గఢ్ పండవానీలో తీజన్ బాయి చేతి తంబూరా భీముడి గదగా మారడం చూసి దేశమంతా అబ్బురపడింది. 2019లో ఆమెకు పద్మవిభూషణ్ దక్కింది. మన కథకుడి కండువాలో ఉన్నదీ ఆ విద్యే.

రచన మాటకొస్తే, శిష్యుడికి గురువు ఇచ్చేది కథ ఎముకలగూడు. దానికి మాంసం పట్టించేది ఆ రాత్రి కథకుడే. గుర్రం వర్ణన, కన్నతల్లి ఏడుపు, అడవి దారి వంటివి అతని నోటి మీద సిద్ధంగా ఉంటాయి. అవి పలుకుతూనే మనసులో ముందు ఘట్టం అల్లుకుంటాడు. 1930లలో మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు యుగోస్లావియా పల్లెల్లో చదువురాని గాయకుల పాటలు రికార్డు చేశాడు. వాళ్లు బట్టీ పట్టినది అప్పగించడం లేదనీ, పాడుతూ పాడుతూ కావ్యం కట్టేస్తున్నారనీ లోకానికి చెప్పాడు. మన ఒగ్గు పందిరి కింద కూర్చున్న ముసలమ్మకు ఆ సంగతి చెప్పాల్సిన పని లేదు. నిరుడు విన్న కథ ఈ ఏడు అచ్చం అలాగే ఉండదని ఆమెకు తెలుసు.

దర్శకత్వం కంటికి కనబడని పని. పిల్లలు తూగుతున్నారంటే హాస్యం రావాలి. ఊ కొట్టే జోడీదారు పామరుడిలా అడ్డుప్రశ్న వేస్తాడు, జనం నవ్వుతారు, నిద్ర ఎగిరిపోతుంది. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకుంటున్నారంటే ఆ ఘట్టాన్ని ఇంకాస్త సాగదీయాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు చదువుతూ నిమిషనిమిషానికీ కథను దిద్దుకునే దర్శకుడు అతను.

ఈ నాలుగు విద్యలూ పండిన ఇద్దరిని తెలంగాణ చూసింది. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు ఒకరు. నెత్తిన బోనం, దాని మీద దీపం నిలిపి, పాట తప్పకుండా ఆడేవారు. జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఒకే ఊరు కలం పట్టిన కవినీ ఒగ్గు పట్టిన కవినీ కన్నది. రెండోవారు జనగామ ప్రాంతం మాణిక్యపురంలో 1935లో పుట్టిన చుక్క సత్తయ్య. వేల ప్రదర్శనలిచ్చి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పొంది, 2017లో కన్నుమూశారు. ఒగ్గును కులదేవతల గుడి ముంగిలి నుంచి రేడియోకూ నగరాల వేదికలకూ నడిపించినవాళ్లలో ఆయన ముందువరుసలో ఉంటారు. జననాట్యమండలి వంటి ఉద్యమ బృందాలు కూడా జనానికి తమ మాట చెప్పడానికి ఈ రూపాన్నే ఎంచుకున్నాయి.

ఇవాళ ఊరేగింపుల్లో, ప్రభుత్వ సభల్లో ఒగ్గు డోలు బాగానే మోగుతోంది. సంతోషమే. కానీ డోలు మోగితే కథ బతికినట్టు కాదు. సభలో ఇచ్చే పది నిమిషాల్లో డోలు దరువు వినిపించవచ్చు, మేడలమ్మ కేతమ్మల మనసు విప్పి చెప్పలేం. రాత్రంతా చెప్పే అవకాశం లేకపోతే రాత్రంతా చెప్పగలిగే కథకుడు తయారు కాడు. శిష్యుడు నేర్చేది గురువు వెనక తాళం వేస్తూ తెల్లవారిన రాత్రుల్లోనే.

కాబట్టి మందమర్రి కాలనీల పెద్దలకూ, జాతర కమిటీలకూ ఒక మనవి. ఏడాదికి ఒక్కసారైనా మేళాన్ని పిలిచి పూర్తి కథ చెప్పించండి. సంభావన సరిగా ఇవ్వండి. మొదటి నుంచి చివరి మంగళహారతి దాకా రికార్డు చేయించండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తెల్లవారేదాకా ఊ కొట్టండి. ఒగ్గు కథకు ఊపిరి కథకుడి గొంతులో సగం, వినేవాడి ఊలో సగం.