సగం తెలుపు

"పైసలు పెట్టి పాత గోడ కొన్నవానే బిడ్డా?"

పెయింటు పని ముగిసిన సాయంత్రం ముందర్రలో నిలబడి నాలుగు గోడలూ చూసి మా అమ్మ అన్న మాట ఇది. పదకొండు రోజులు లప్పం దుమ్ము మింగి, బియ్యం డబ్బాల మీద పాత చీరలు కప్పి, వరండాలో వండుకుని తిన్నదాన్ని. నాకు కోపం వచ్చింది. రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వొచ్చింది. ఆమె అన్నది నిజమే. వెల్ల వేసిన గోడను నాలుగేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే ఏ రంగుకు తిరుగుతుందో, సరిగ్గా ఆ రంగునే నేను మెషీన్‌లో కలిపించి డబ్బాల్లో మోసుకొచ్చాను.

మా తొర్రూరు దుకాణాల్లో దీన్ని హాఫ్ వైట్ అంటారు. ఆఫ్ వైట్ అన్నది నోళ్ళలో నలిగి ఇలా అయి ఉంటుంది. నాకు ఈ తప్పే నచ్చుతుంది. తెలుపు సగమే, మిగతా సగం ఏమిటో నువ్వే తేల్చుకో అంటుంది ఆ మాట. మీగడ, గంధం, బిస్కెట్, ఐవరీ అంటూ తలా ఒక పేరు చెబుతారు గానీ, ఇద్దరు మనుషుల మీగడ ఒకటి కాదు. గేదె పాల మీగడ వేరు, ఆవు పాల మీగడ వేరు. ఆ తేడా గోడ మీద పడ్డాక గానీ తెలియదు.

చిన్నప్పుడు మా ఇంట్లో రంగు ఎంచుకోవడమనే పనే లేదు. దసరాకు ముందు సున్నపురాళ్ళు వచ్చేవి. గోళెంలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగి ఆవిరి లేచేది. పిల్లలం దగ్గరికి పోతే అరుపులు. చల్లారాక పాత ధోతీ గుడ్డలో వడగట్టి, తుమ్మ జిగురు, గుప్పెడు ఉప్పు కలిపి, ఆఖర్న నీలం మూట కట్టి ముంచేది అమ్మ. కింద జానెడు మేర జాజు పట్టీ. అంతటితో ఇల్లు పండగకు తయారు.

ఆ నీలం ఎందుకో చాలా ఏళ్ళు నాకు తెలియదు. సున్నపురాయిలో కాస్తో కూస్తో మట్టి, ఇనుము కలిసి ఉంటాయి. అందువల్ల వెల్లకు సన్నటి పసుపు పొడ వస్తుంది. చిటికెడు నీలం పడితే ఆ పసుపు కంటికి ఆనదు, గోడ మరింత తెల్లగా అనిపిస్తుంది. తెల్ల చొక్కాలకు నీలం పెట్టేదీ అందుకే. మా అమ్మ ఏటా అంత కష్టపడి ఏ పసుపు పొడను తీసేసేదో, దాన్నే తిరిగి గోడ మీదికి తేవడానికి నేను లీటరు లెక్కన డబ్బు కట్టాను. ఇప్పుడు పెయింటులో తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. అది పరిశ్రమగా మొదలై వందేళ్ళు దాటింది. దాని తెలుపులో ఏ మచ్చా ఉండదు. కళ్ళు జిగేల్మంటాయి. ఆ జిగేలు తట్టుకోలేకే మళ్ళీ మచ్చ పెట్టించుకుంటున్నాం.

మచ్చ పెట్టే పని మెషీన్‌ది. దుకాణంలో కుర్రాడు కోడ్ కొట్టగానే తెల్ల బేస్ డబ్బాలోకి సన్నటి గొట్టాల్లోంచి చుక్కలు పడ్డాయి. ఏమేం పడుతున్నాయని అడిగితే తెర చూసి చెప్పాడు: ఎల్లో ఆక్సైడ్, చిటికెడు రెడ్ ఆక్సైడ్, కాస్త నలుపు. నలుపు అనగానే ఉలిక్కిపడ్డాను. ఆ నలుపు లేకపోతే పసుపు పచ్చిగా అరుస్తుందట; అది పడితేనే అణుగుతుంది. రెడ్ ఆక్సైడ్ అంటే మరేమీ కాదు, మన జాజులో ఎరుపుకు కారణమైన ఇనుప తుప్పే. ఎల్లో ఆక్సైడ్ కూడా ఇనుము సంతానమే, కాకపోతే అందులో నీరు కలిసి ఉంటుంది. అంటే గోడ కింద పట్టీలా ఉండే జాజు ఇప్పుడు చుక్కలై డబ్బాలోకి ఎక్కిందన్నమాట.

అసలు కథ దానికి ముందు జరిగింది. మొదటిసారి నేను షేడ్ కార్డు చూసి, దుకాణంలో ట్యూబులైటు కింద నిలబడి, అయిదు నిమిషాల్లో తేల్చేశాను. లోపలి అర్రలో ఒక గోడకు ఒక కోటు వేశాక చూస్తే పొద్దున బాగానే ఉంది. నాలుగు గంటలకు పోయి చూద్దును గదా, గోడ పచ్చబారింది. లేత పచ్చ, జబ్బు మనిషి మొహంలా. రంగు తప్పు కలిపారని దుకాణం మీదికి పోదామని చెప్పులేసుకుంటుంటే పెయింటర్ తమ్ముడు ఆపాడు.

"అక్కా, రంగు మంచిగనే ఉన్నది. కిటికీల కెల్లి జూడు. పక్కింటోల్ల గోడ చిల్కపచ్చ. పొద్దుగూకెటాల్ల ఎండ దాని మీద వడి మీ ఇంట్లకొస్తది. ఆల్లు రంగు మారిస్తే మీది గూడ మారుతది."

మూడడుగుల సందు. దాని అవతల చిలకపచ్చ గోడ. నేను పన్నెండేళ్ళుగా చూస్తున్న గోడే, ఏనాడూ పట్టించుకోలేదు. తెలుపుకు దగ్గరగా ఉన్న ఏ రంగైనా ఇంతే, ఎదురుగా ఏది ఉంటే దాన్ని పులుముకుంటుంది. ముదురు నీలానికి ఈ బాధ లేదు. మా ఊళ్ళో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, పైగా బయటి రంగుల విషయంలో మనవాళ్ళు పిసినారులు కారు. నారింజ, గులాబీ, రామచిలక. కాబట్టి హాఫ్ వైట్ కొనేముందు పక్కింటి గోడ చూడాలన్నది ఏ కార్డు మీదా రాసి ఉండని నియమం. వాకిలి మన్ను సంగతీ అంతే. ఎర్ర చెల్క నేల మీద పడిన ఎండ ఇంట్లోకి ఎర్రగా వస్తుంది; తెల్ల టైల్స్ పరిచిన వాకిలి నుంచి వచ్చే వెలుగు వేరు.

కార్డుల మీద "వార్మ్" అని రాసి ఉంటుంది. ఈ మాటతో నాకు పేచీ ఉంది. చలిదేశాల వాళ్ళకు ఇంట్లో వెచ్చదనం వరం. మే నెలలో మా ఊరి రేకుల కింద కూర్చున్నవాళ్ళకు గోడ వెచ్చగా ఉంటుందని చెబితే లేచి పోతారు. మనకు కావలసింది సలువ. అయినా ఈ రంగు మనకు ఎందుకు పనికొస్తుందంటే, దాని పేరులోని వేడి వల్ల కాదు, అచ్చ తెలుపుకు మన ఎండ తోడైతే కళ్ళు తెరవలేం గనక. గోడ ఎంత వెలుగును తిప్పి కొడుతుందో చెప్పే అంకె ఒకటి ఉంది, నలుపుకు 0, తెలుపుకు 100. మంచి హాఫ్ వైట్లు 80కి అటూ ఇటూ ఉంటాయి. ఆ తగ్గిన భాగమే కంటికి విశ్రాంతి.

ఇంగ్లిషు పుస్తకాల్లో ఇంకో సలహా కనిపిస్తుంది: ఉత్తరం గదిలో ఎండ రాదు, వెలుగు నీలంగా ఉంటుంది, అక్కడ పసుపు పొడ ఎక్కువ వేయండి అని. లండన్‌కు అది సరే. తొర్రూరు 17న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపు ఉంటాడు. ఎండాకాలం పొద్దున, సాయంత్రం ఉత్తరపు కిటికీలో ఎండ పడటం ఎవరైనా చూడొచ్చు. మా ఉత్తరపు గది జనవరిలో నీలంగా, జూన్‌లో బంగారంగా ఉంటుంది. ఆ పుస్తకాన్ని నమ్మి పసుపు పెంచి ఉంటే జూన్‌లో పసుపు కొమ్ముల గిన్నెలో కూర్చున్నట్టే ఉండేది.

ఇక రాత్రి. ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. మునుపటి గుండ్రటి బల్బు వెలుగు పసుపుగా ఉండేది, కెల్విన్ లెక్కలో 2700 ప్రాంతం. దాని కింద ఏ గోడైనా రాత్రికి మీగడే. ఇప్పుడు అందరం 6500 కెల్విన్ ఎల్‌ఈడీలు కొంటున్నాం, వెలుతురు గట్టిగా ఉంటుందని. ఆ నీలి వెలుగులో పసుపు పొడ చచ్చిపోయి గోడ బూడిద తేలుతుంది. వేలకు వేలు పోసి వేయించిన రంగును అయిదు వందల రూపాయల బల్బులు రోజూ సాయంత్రం ఆరింటికి చెరిపేస్తాయి. నేను ముందర్రలో రెండు బల్బులు 3000కు మార్చాను. అమ్మ పుస్తకం చదువుకునే మూల మాత్రం మార్చలేదు, ఆమె ఒప్పుకోలేదు.

ఇవన్నీ కొత్త విద్య అనుకోకండి. ఈ సూక్ష్మం మా ఊరి రైతుకు ఎప్పటి నుంచో తెలుసు. నవంబర్‌లో పత్తి తెచ్చి ఇళ్ళలో గోడల వారగా కుప్పలు పోస్తారు. కొనేవాడు వచ్చి గుప్పెడు తీసి, వాకిట్లోకి పోయి, వెలుతురుకు పట్టి చూస్తాడు. లైటు కింద చూడడు. వాన తాకితే పత్తికి పసుపో బూడిదో తిరుగుతుంది, ధర అక్కడే పడిపోతుంది. పరీక్షా యంత్రాలు సైతం పత్తి రంగును రెండు అంకెలతోనే చెబుతాయి: ఎంత మెరుపు, ఎంత పసుపు. హాఫ్ వైట్‌కూ ఆ రెండే కొలతలు. పైగా మంచి పత్తి అచ్చ తెలుపు కాదు, పాల మీది పొడ ఉంటుంది. ఇది గుర్తొచ్చాక నేను షేడ్ కార్డు పక్కన పెట్టి, అన్నయ్య వాళ్ళింటి నుంచి గుప్పెడు పత్తి తెచ్చి గోడకు ఆనించి చూశాను. పెయింటర్ తమ్ముడు నవ్వాడు గానీ, రంగు దొరికింది అలాగే.

దొరికాక కూడా వెంటనే వేయలేదు. ఒకసారి దెబ్బ తిన్నాను కదా. చిన్న డబ్బా తెచ్చి, ఫ్రిజ్జు అట్టపెట్టె కోసి రెండు ముక్కల మీద ప్రైమర్, ఆపైన రెండు కోట్లు వేసి, వాటిని నాలుగు రోజులు గది గదీ తిప్పాను. పొద్దున తూర్పు గోడకు, మధ్యాహ్నం కిటికీ పక్కకు, రాత్రి బల్బు కింద. తడి మీద తీర్పు చెప్పొద్దు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక ముదురుతుంది. అట్ట పక్కన ఒక తెల్ల కాగితం పెడితే దాని లోపలి రంగు బయటపడుతుంది, పింకో, పసుపో, పచ్చో. కాగితం లేకుండా ఒంటరిగా చూస్తే ప్రతి హాఫ్ వైటూ తెల్లగానే నటిస్తుంది.

తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. "కార్డు మీద గింతే కనవడతది అక్కా. నాలుగు గోడలకేస్తే గోడ మీది రంగు గోడ మీద వడి ఇంకింత ముదురైతది. సగం డోసు కొట్టుమను." నిజమే, ఎదురెదురు గోడలు ఒకదాని వెలుగు ఇంకొకటి తాగి రంగును చిక్కబరుస్తాయి. దుకాణంలో అడిగితే అదే కోడ్‌ను సగం చుక్కలతో కలిపి ఇస్తారు. మా ఇంటికి వేసింది ఆ సగమే. సగం తెలుపులో సగం.

మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. స్విచ్‌బోర్డులు. అవి అచ్చ తెల్ల ప్లాస్టిక్. హాఫ్ వైట్ గోడ మధ్యలో అవి కొత్త పళ్ళసెట్టులా మెరుస్తాయి, గోడేమో ఉతకని బనీనులా కనిపిస్తుంది. అమ్మకు పాత గోడ అనిపించింది సగం ఈ బోర్డుల పుణ్యమే. సీలింగ్‌కు అచ్చ తెలుపు వేసిన ఇళ్ళలోనూ ఇదే తంటా. మేం సీలింగ్‌కు అదే డబ్బా వేశాం, బోర్డుల దగ్గర ఓడిపోయాం.

పాత తలుపులకు, కిటికీలకు ఉన్న ఎనామిల్‌ను గీకించేవాళ్ళకు ఒక హెచ్చరిక. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందరి పొరల్లో ఎంత ఉందో గీకితే గానీ తెలియదు, గీకితే దుమ్ము లేస్తుంది. తడి చేసి గీకించండి, చిన్నపిల్లలను ఆ పూట వేరే ఇంటికి పంపండి. ఇంకొకటి, పాత సున్నం పొరల మీద నేరుగా ఎమల్షన్ వేస్తానంటే ఒప్పుకోకండి. ఏడాదిలో అప్పడంలా లేస్తుంది.

ఇంత తతంగం మా అమ్మకు ఎందుకు లేకపోయింది అని ఆలోచించాను. ఆమెకు కన్ను లేక కాదు. నీలం ఒక పిసరు ఎక్కువైతే "ఆకాశం దిగింది" అని నవ్వుకునేది, వచ్చే దసరాకు సరి చేసుకునేది. వెల్లలో తప్పు ఆయుష్షు ఒక్క ఏడాది. నా డబ్బా మీద ఏళ్ళకు ఏళ్ళు వారంటీ రాసి ఉంది. తప్పు చేస్తే అన్నేళ్ళూ దాని మొహం చూడాలి. ఈ భయమంతా ఆ వారంటీతో పాటు ఇంట్లోకి వచ్చింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ మంచం మీద పడుకుని ఎదురు గోడను చాలాసేపు చూసింది. "ఇప్పుడు మంచిగనే కొడుతుంది" అంది. స్విచ్‌బోర్డు ఆమె తల వైపు ఉంది, కనిపించలేదు.

మిగిలిన అర లీటరు డబ్బా సజ్జ మీద పెట్టాను. మూత మీద కోడ్ నంబరు, "సగం డోసు" అన్న మాట, వేసిన తేదీ మార్కర్‌తో రాశాను. స్టిక్కర్‌కు ఫొటో కూడా తీశాను. మీరూ తీసి పెట్టుకోండి. రెండేళ్ళ తర్వాత నూనె తల ఆన్చిన మరక పోవడానికి ఒక చేయి వేయాలంటే, దుకాణంలో "గదే హాఫ్ వైట్" అంటే ఎవరికీ అర్థం కాదు.